హాజరుబండ: ఒకటో నంబరు పలికిన చోటు

నగరానికి దక్షిణపు అంచున, సిటీ బస్సు చివరి స్టాపులో దిగినవారికి ముందుగా కనిపించేది విద్యాశిల విశ్వవిద్యాలయపు ముఖద్వారం. కండక్టరు మాత్రం ఆ పేరు ఎన్నడూ పలకడు. "హాజరుబండ, హాజరుబండ, దిగాలె" అని కేకేస్తాడు. ద్వారం దాటి లోపలికి వెళితే ఎడమచేతి వైపు ఇంజనీరింగు భవనాలు, కుడిచేతి వైపు న్యాయశాస్త్రం, ఫార్మసీ, వెనుక పదకొండు అంతస్తుల గ్రంథాలయం. అన్నీ అద్దాల మేడలే. వాటి నడుమ, ఎవరో తీసుకువెళ్ళడం మరచిపోయినట్టు, రెండు నిలువుల ఎత్తున ఒక నల్లరాతి బండ కూర్చుని ఉంటుంది. గ్రంథాలయానికి తిన్నగా పోవలసిన వసారా ఆ బండ దగ్గరకు రాగానే మర్యాదగా పక్కకు తప్పుకుని, చుట్టి వచ్చి, మళ్ళీ తన దారిన పోతుంది.

బండ తూర్పు ముఖం పలకలా చదునుగా ఉంటుంది. దానిమీద సుద్దముక్కతో గీసిన నిలువు గీతలు వేలకొద్దీ కనిపిస్తాయి. వానాకాలం వాటిని కడిగేస్తుంది, చలికాలం నాటికి మళ్ళీ పుడతాయి. బండ చుట్టూ ప్రదక్షిణానికి తొంభై అడుగులు పడతాయి. పరీక్షల నెలలో ఈ అడుగులు వేసేవారు ఎక్కువ, ఫలితాలు వచ్చాక తక్కువ. భక్తి అన్ని క్షేత్రాల్లోనూ ఇలాగే ఉంటుంది కనుక విద్యార్థులను తప్పుపట్టనక్కరలేదు.

ఇక్కడ ఏ తరగతిలోనూ ఒకటో నంబరు విద్యార్థి ఉండరు. హాజరు పట్టీ రెండుతో మొదలవుతుంది. అయినా అధ్యాపకులు ముందుగా "ఒకటి" అనే పిలుస్తారు. పిలిచేముందు గదిలో ఒక కిటికీ తెరుస్తారు. ఏసీ నడుస్తున్నా సరే, బయట ఎండ మండిపోతున్నా సరే తెరవవలసిందే. భవనాలకు నమూనా గీసిన పట్నపు ఇంజనీర్లు ఈ కిటికీ గురించి ఎంతగానో వాదించారట. చివరికి వారే తగ్గారు. ఈ ఆచారం ఎలా వచ్చిందో, ఈ బండకు ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియాలంటే తిరునగరి ఆండాళమ్మ గారి కథ వినాలి.

పూర్వం ఇక్కడ మనుషుల కంటే రాళ్ళు ఎక్కువ. ఈ చోటును మోగుడుగుట్ట అనేవారు. రాళ్ళు కొట్టి బతికే వడ్డెర కుటుంబాలు గుట్ట కింద గుడిసెలు వేసుకుని ఉండేవి. వారు రాతిని కళ్ళతో కాదు, చెవులతో చూస్తారు. సుత్తితో తట్టినప్పుడు గణగణమంటే గట్టిరాయి, మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. ఈ బండ తెల్లవారి మంచులో తట్టినప్పుడు గుడిగంటలా మోగేదని, ఆ మోత గుట్ట అవతలి మేకలు కూడా తలెత్తి వినేవని చెబుతారు. భూగర్భశాస్త్రం వారు దీనికి వేరే కారణం రాసి, శిలాఫలకం మీద చెక్కించారు. ఆ ఫలకాన్ని చదివేవారు తక్కువ, దాని పక్కన చెవి ఆనించి వినేవారు ఎక్కువ.

ఆ రోజుల్లో నగరం నడిబొడ్డున ఒక ప్రభుత్వ మహిళా కళాశాలలో ఆండాళమ్మ గారు ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశారు. లెక్కల కంటే ఆమె హాజరు పట్టీయే ప్రసిద్ధి. ఒకరికి బదులు మరొకరు పలికే ప్రాక్సీ విద్య ఆమె గదిలో సాగేది కాదు. సొంత చెల్లెలి కూతురు ఒకనాడు స్నేహితురాలి కోసం గొంతు మార్చి పలికితే, నెలరోజులు వరండాలో నిలబెట్టి పాఠం చెప్పారు. చెల్లెలు ఏడాది పాటు మాట్లాడలేదు. "మనిషి ఉందా లేదా అన్నది చిన్న సంగతి కాదే" అని మాత్రమే ఆమె అనేవారు.

విరమణ తరువాత వచ్చిన మొదటి ఆషాఢంలో, మధ్యాహ్నం భోజనం చేసి పడక కుర్చీలో ఒరిగిన వేళ ఆమెకు కల వచ్చింది. గోడలు లేని ఒక విశాలమైన తరగతిలో ఆమె నిలబడి ఉన్నారు. పైకప్పుకు బదులు మబ్బులు నెమ్మదిగా కదులుతున్నాయి. ఎదుట విద్యార్థుల ముఖాలు కనబడవు, తెల్లని పొగమంచు మాత్రం బెంచీల వరుసల్లా పరచుకుని ఉంది. చేతిలో సుద్దముక్క ఎంత రాసినా అరగడం లేదు. ఆమె హాజరు పట్టీ తెరిచి "ఒకటి" అన్నారు. ఎవరూ పలకలేదు. మూడు శ్వాసల సేపు ఆగారు. అప్పుడు పొగమంచు విడిపోయి ఒక నల్లని బండ కనిపించింది. ఆ బండలో నుంచి ఎవరో ఆడమనిషి "ఉన్న మేడం" అన్నది. కళ్ళు తెరిచేసరికి వేళ్ళకు సుద్ద అంటుకుని ఉన్నట్టే అనిపించింది. మరునాడూ అదే కల, ఆ మరునాడూ అదే.

నాలుగో రోజు ఆమె గొడుగు పట్టుకుని బయలుదేరారు. ఎటు పోవాలో తెలియదు. దొరికిన బస్సు ఎక్కి చివరిదాకా పోయి, దిగి, మళ్ళీ ఇంకో బస్సు ఎక్కేవారు. ఇలా పదిహేను రోజులు తిరిగాక మోగుడుగుట్ట దగ్గర దిగి తలెత్తి చూస్తే, కలలోని బండ పగటి ఎండలో నిజంగానే కూర్చుని ఉంది. దాని నీడలో ముప్పై ఏళ్ళ ఆడమనిషి ఒకతె కంకర కొడుతోంది. ఆమె పేరు ఓర్సు సాయవ్వ.

"మేడం, ఎవలింటికొచ్చినవ్? తొవ్వ తప్పినవా?" అని అడిగింది సాయవ్వ.

"లేదమ్మా, దొరికింది" అన్నారు ఆండాళమ్మ గారు. అక్కడే కూర్చున్నారు. సాయవ్వ తన సీసాలోని మంచినీళ్ళు ఇచ్చింది. ఈ క్షేత్రంలో మొదటి తీర్థం అదేనని చెప్పుకోవచ్చు.

ఆ గుట్ట ఆండాళమ్మ గారి దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి తండ్రిది. కాలేజీ పెడతానంటే ఆయన కాదనలేదు. "ఏడాది చూస్తాను మేడం. సర్కారు అనుమతి వస్తే గుట్ట మీకే. రాకపోతే బండను వడ్డెర వాళ్ళకు కొట్టుకోమని ఇచ్చేస్తాను, మాట ఇచ్చి ఉన్నాను" అన్నాడు. అలా గుట్టమీద రేకుల షెడ్డు ఒకటి లేచింది. చుట్టుపక్కల బస్తీల పిల్లలు, ఎక్కడా సీటు దొరకనివారు, ఒకసారి తప్పి మళ్ళీ చదవాలనుకున్నవారు వచ్చి చేరారు.

మొదటి రోజు పట్టీ రాసేటప్పుడు ఆండాళమ్మ గారు ఒకటో వరుస ఖాళీగా ఉంచి రెండుతో మొదలుపెట్టారు. ఒకటో నంబరు మనిషి బండలో నుంచి రావలసి ఉంది కదా మరి. రోజూ ఉదయం "ఒకటి" అని పిలిచేవారు. మూడు శ్వాసల సేపు ఆగేవారు. ఎవరూ పలకకపోతే "రెండు" అనేవారు. పిల్లలు మొదట నవ్వుకున్నారు, తరువాత అలవాటుపడ్డారు. షెడ్డు కిటికీ బయట బండ నీడలో సాయవ్వ కంకర కొడుతూ ఈ పిలుపు వినేది. ఆ తరువాత పాఠమూ వినేది. ఒకనాడు ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఆ ఒకటో పిల్ల ఎవలు మేడం? రోజు పిలుస్తరు, పలుకది. పానం బాగలేదా?"

"ఎవరో నాకూ తెలియదు సాయవ్వా. వస్తుందని పిలుస్తున్నాను."

సాయవ్వ మళ్ళీ సుత్తి అందుకున్నది. ఆ రోజంతా ఆమె సుత్తి దెబ్బలు ఆగి ఆగి పడ్డాయి.

అనుమతికి దరఖాస్తు పెట్టే వేళ ఒక పొరపాటు జరిగింది. గుమాస్తా బాలస్వామి పట్టీ చివరి పేజీ తిప్పి చూశాడు. ఆఖరి నంబరు నలభై. "విద్యార్థుల సంఖ్య: నలభై" అని రాశాడు. నిబంధన కూడా సరిగ్గా నలభై మంది ఉండాలనే కోరింది. ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పిన ఆండాళమ్మ గారు ఆ కాగితం మీద సంతోషంగా సంతకం చేశారు. రెండుతో మొదలై నలభైతో ముగిసే పట్టీలో ముప్పై తొమ్మిది మందే ఉంటారని ఆమెకు ఆ రోజు తట్టలేదు. పెద్ద లెక్కలు వచ్చినవారికి చిన్న లెక్క తప్పడం ఇక్కడి గణితశాఖలో ఇప్పటికీ కనబడుతుంది.

తనిఖీకి ముగ్గురు వచ్చారు. వారి పెద్ద రామకోటేశ్వరరావు గారు కళ్ళద్దాల పైనుంచి చూసే మనిషి. షెడ్డు చూశారు, నల్లబల్ల చూశారు, నీళ్ళ కుండ మూత తీసి చూశారు. తరువాత కుర్చీలో కూర్చుని "నలభై మంది అని రాశారు. ఏదీ, నా ముందు హాజరు పిలవండి మేడం గారూ" అన్నారు.

ఆండాళమ్మ గారు పట్టీ తెరిచారు. ఖాళీగా ఉన్న మొదటి వరుస చూడగానే లెక్క తెలిసివచ్చింది. ఒక్కరు తక్కువైతే అనుమతి లేదు. అనుమతి లేకపోతే ఈ పిల్లలకు సంవత్సరం పోతుంది, షెడ్డు పోతుంది, బండ కంకరవుతుంది. ఆమె గొంతు సవరించుకుని "ఒకటి" అన్నారు.

ఒక శ్వాస. రెండు శ్వాసలు. బయట సుత్తి మోత ఆగింది.

"ఉన్న మేడం!"

కిటికీలో సాయవ్వ ముఖం. చేతిలో సుత్తి, జుట్టు నిండా రాతిపొడి. ముప్పై తొమ్మిది మంది పిల్లలూ కిటికీ వైపు తిరిగారు. బాలస్వామి కళ్ళతోనే వేడుకున్నాడు, ఒప్పుకోండి మేడం అని. రామకోటేశ్వరరావు గారు కళ్ళద్దాల పైనుంచి చూస్తూ "ఈమె మీ విద్యార్థినేనా?" అని అడిగారు.

ఆండాళమ్మ గారు ఆ గొంతు గుర్తుపట్టారు. కలలో విన్నది అదే. అవునని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది, కానీ ముప్పై నాలుగేళ్ళ అలవాటు దాన్ని ఆపేసింది.

"కాదండి. ఈమె రాళ్ళు కొట్టే సాయవ్వ. ఒకటో నంబరులో ఎవరూ లేరు. నాకు ఉన్నది ముప్పై తొమ్మిది మందే. దరఖాస్తులో తప్పు రాశాం" అన్నారు. ఎర్ర సిరాతో గైర్హాజరు వేశారు.

"నేను పలికితే లెక్కల రాదా మేడం?" అని అడిగింది సాయవ్వ. ఆ అడగడంలో కోపం లేదు. ఆండాళమ్మ గారు ఆ మాటను తట్టుకోలేకపోయారు. తల దించుకున్నారు.

రామకోటేశ్వరరావు గారు సంచి సర్దుకున్నారు. గడప దాకా వెళ్ళి, ఏమనిపించిందో, వెనుదిరిగారు. "మేడం గారూ, ఈ ఉద్యోగంలో నా ఎదుట తప్పు ఒప్పుకున్నవారిలో మీరే మొదటివారు. నా ఫైలు ఎనిమిది రోజుల దాకా కదలదు. బడి ముఖం చూడనివారు కూడా అర్హత పరీక్ష రాసి చేరవచ్చని నిబంధన ఉంది. చదవడం, రాయడం, లెక్క. ఎనిమిదో రోజు ఉదయం నేనే వచ్చి అడుగుతాను" అన్నారు.

ఆ సాయంత్రం ఆండాళమ్మ గారు బండ దగ్గరికి వెళ్ళారు. "సాయవ్వా, ఈ కాలేజీ మూతపడితే బండ మీ వాళ్ళకే వస్తుంది కదా. మరి ఎందుకు పలికావు?"

"ఆరు నెల్ల తిండి మేడం ఈ బండ. నా పెనిమిటి ఇప్పటికే తిడుతుండు, నోటికాడి కూడు పడగొడుతున్నవని" అన్నది సాయవ్వ. చేతిలోని సుత్తి కింద పెట్టి, "గని రోజు పిలుస్తుంటిరి. పిలిచినంక ఎవలో ఒకలు పలకాలె గద. నాకు మనసొప్పలె" అన్నది.

ఎనిమిది రోజులు బండే పలక అయింది. ఆండాళమ్మ గారు మొదటి రోజు దానిమీద ఒక నిలువు గీత గీశారు. "ఇది ఒకటి. ఇది నువ్వు" అన్నారు. ఆరు నెలలుగా కిటికీ బయట విన్నదంతా సాయవ్వ చెవుల్లో ఉంది. కావలసింది దానికి రూపం మాత్రమే. గట్టిరాయిని చెవితో గుర్తించే మనిషి కనుక ఆమె అక్షరాలను కూడా ముందు మోగించి చూసి, తరువాత రాసేది. పొద్దున కంకర, మధ్యాహ్నం గుణింతం. పిల్లలు వంతులవారీగా వచ్చి చదివించారు. ఆమె పెనిమిటి మూడు రోజులు దూరంగా కూర్చుని బీడీ కాల్చాడు. నాలుగో రోజు వచ్చి, చెయ్యి అందని చోట రాసుకోవడానికి బండకు నిచ్చెన వేసి పోయాడు.

ఎనిమిదో రోజు తెల్లవారి గుట్టంతా మంచు కప్పింది. పది అడుగుల అవతల ఏముందో కనబడదు. రామకోటేశ్వరరావు గారు వచ్చి కూర్చున్నారు. సాయవ్వ రాలేదు. గుడిసెలోనూ లేదు. ఎవరిని అడిగినా చీకటితోనే లేచి పోయిందన్నారు. ఆండాళమ్మ గారు పట్టీ తెరిచారు. ఇప్పుడు మొదటి వరుసలో పేరు ఉంది, మనిషే లేదు.

"ఒకటి."

ఒక శ్వాస. రెండు. మూడు. ఆమె ఎర్ర సిరా కలం మూత తీశారు.

"ఉన్న మేడం."

గొంతు కిటికీ నుంచి రాలేదు. మంచులో నుంచి, ఎత్తులో నుంచి, మత్తుగా, నెమ్మదిగా వచ్చింది. అందరూ బయటికి పరుగెత్తారు. మంచు విడిపోతోంది. బండ తూర్పు ముఖమంతా కింది నుంచి పైదాకా సుద్ద రాతలతో తెల్లబడి ఉంది. అక్షరాలు, ఎక్కాలు, పిల్లల పేర్లు ముప్పై తొమ్మిదీ, మధ్యలో ఎక్కడో ఆండాళమ్మ అని. నిచ్చెన పైన, బండ నెత్తిమీద, చేతిలో గోరంత సుద్దముక్కతో సాయవ్వ పడుకుని నిద్రపోతోంది. చీకట్లో వచ్చి రాస్తూ రాస్తూ పైదాకా ఎక్కి, అక్కడే కునుకు తీసింది. లేపితే ఉలిక్కిపడి లేచి, "మేడం పిలుస్తున్నట్టు కలొచ్చింది. కలల పలికిన" అన్నది.

ఆండాళమ్మ గారు బండకు చెయ్యి ఆనించి ఏడ్చారు. దాచుకోలేదు. తరగతిలో నిద్రపోతూ హాజరు పలికే విద్యకు ఇక్కడ అప్పుడే శ్రీకారం చుట్టారని విద్యార్థులు అంటారు. వారికి అదొక ఆధారం.

రామకోటేశ్వరరావు గారు బండమీది రాతలన్నీ చదివి, ఇక ఒక్క లెక్క అడిగారు. "ఎనిమిది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు ఉన్న రాతిలో అడుగు చదరం పలకలు ఎన్ని వస్తాయి?"

"లెక్కకైతే నలభై సారు. కొడితే ముప్పై తొమ్మిదే. ఒకటి పెచ్చుల్ల పోతది."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ పూటే కాగితం మీద సంతకం పెట్టారు. ఆండాళమ్మ గారు నల్ల సిరాతో ఒకటో నంబరుకు హాజరు వేశారు.

ఆ తరువాతి పెరుగుదల మీకు కనిపిస్తూనే ఉంది. రేకుల షెడ్డు రాతి గదులైంది. వాటికి రాయి కొట్టిన పని సాయవ్వ వాళ్ళకే దక్కింది. బండ ఆరు నెలల తిండి పెట్టేది, గదులు ఇరవై ఏళ్ళు పెట్టాయి. కాలేజీ స్వయంప్రతిపత్తి పొందింది, కొత్త శాఖలు వచ్చాయి, విశ్వవిద్యాలయమయింది. సాయవ్వ ఇంగ్లీషులో మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కి పట్టా తీసుకున్నది. కట్టుబడి పనులన్నీ ఆమె చేతిమీదుగానే నడిచాయి. ఏటా కొత్త తరగతి మొదలయ్యే రోజున మాత్రం వచ్చి బెంచీ చివర కూర్చుని, ఒకటో నంబరు పలికి పోయేది.

ఇరవై అయిదేళ్ళ తరువాత ఒక శ్రావణమాసంలో సాయవ్వ కన్నుమూసింది. అప్పటికి ఆండాళమ్మ గారికి ఎనభై నాలుగేళ్ళు. పాఠం చెప్పడం మానేసి చాలా కాలమైంది. మరునాడు ఉదయం కర్ర పట్టుకుని పాత రాతి గదికి వచ్చి, అధ్యాపకుడి చేతిలోంచి పట్టీ తీసుకున్నారు. "కిటికీ తెరవండి నాయనా. అది మొదటిసారి బయటినుంచే పలికింది" అన్నారు. తెరిచారు.

"ఒకటి" అని పిలిచారు.

మూడు శ్వాసల సేపు బండమీద వాన పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆమె కలం కదలలేదు. గైర్హాజరు వేయడానికి ఆమెకు చేతులు రాలేదు. అప్పుడు వెనుక బెంచీలో ఒకరు లేచారు, తరువాత పక్కవారు, తరువాత గది మొత్తం. "ఉన్న మేడం" అన్నారందరూ. చెల్లెలి కూతురిని నెలరోజులు వరండాలో నిలబెట్టిన ఆ మనిషి, తన జీవితంలో ఒకే ఒక్క ప్రాక్సీని ఒప్పుకుని, హాజరు వేసి, పట్టీ మూసి వెళ్ళిపోయారు.

నాటినుంచి నేటివరకు ఈ క్షేత్రంలో ఏ తరగతిలోనైనా ముందుగా కిటికీ తెరిచి ఒకటో నంబరు పిలుస్తారు. మూడు శ్వాసలు ఆగుతారు. బయటి వారెవరూ పలకకపోతే తరగతి మొత్తం పలుకుతుంది. ఆ మూడు శ్వాసల్లో బయటినుంచి ఎవరైనా పలికితే వారిని లోపలికి పిలిచి, అర్హత పరీక్ష దాకా చదివించి చేర్చుకోవాలని ఆండాళమ్మ గారు శాసనంగా రాసి పోయారు. అలా పలికినవారు ఇంతవరకు పదకొండు మంది. వారిలో మెస్సులో రొట్టెలు చేసే ఆయన ఉన్నాడు, గేటు దగ్గరి వాచ్‌మన్ ఉన్నాడు.

పదకొండో మనిషి నిరుడు వచ్చింది. కూతురిని చేర్పించడానికి ఊరినుంచి వచ్చిన తల్లి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నది. లోపల నుంచి పిలుపు వినబడింది. ఎవరూ పలకడం లేదని రెండో శ్వాస దాకా చూసి, "ఉన్న" అనేసింది. అని, తనే భయపడి లేచి నిలబడింది. అధ్యాపకురాలు కిటికీ దగ్గరికి వచ్చారు.

"తప్పయింది మేడం. ఎవలు పలుకుతలేరని అన్న. నేను పలికితే లెక్కల రాదు గద?"

అధ్యాపకురాలు సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి బండ వైపు చూపించారు. ఈ ఏడు ఆమె కూతురి పక్కగదిలోనే చదువుతోంది.

ఈ బండను దర్శించి ఒక నిలువు గీత గీసినవారికి చదువుమీద భయం పోతుందని, ఆలస్యమైందన్న దిగులు పోతుందని పెద్దలు చెబుతారు. సుద్దముక్కలు బండ పక్కన గూటిలో ఉంటాయి, ఎవరినీ అడగనక్కరలేదు. తరగతులు ఉదయం తొమ్మిదిన్నరకు మొదలవుతాయి. ఆ వేళకు ఏ కిటికీ పక్కనుంచి నడుస్తున్నా ఒకసారి ఆగి వినండి. పిలుపు మీకు కూడా కావచ్చు.